థర్మోకోల్ ముక్కల మీద ముక్కు గాట్లు

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. లవ్‌బర్డ్స్ పంజరంలో తెల్లగా, కోలగా ఒక బిళ్ల కట్టి ఉంటుంది, చూశారా? సముద్రపు నురుగు అంటారు దాన్ని. నిజానికి అది కటిల్‌ఫిష్ అనే సముద్ర జీవి ఒంట్లో ఉండే గుల్ల. ఆ జీవి చచ్చిపోయాక గుల్ల నీటి మీద తేలుతుంది, సముద్రపు పక్షులు దాన్ని పొడుచుకు తింటాయి. దాని పక్కన ఒక థర్మోకోల్ ముక్క పెట్టి చూడండి. అదే తెలుపు, అదే తేలిక. పక్షికి తేడా ఎలా తెలుస్తుంది?

తెలియడం లేదర్రా. నెదర్లాండ్స్‌లో టెసెల్ అనే దీవి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఇలాంటి నురగ ప్లాస్టిక్ ముక్కల్ని ఒక శాస్త్రవేత్త పరీక్షించారు. నూటికి 80 ముక్కల మీద పక్షుల ముక్కు గాట్లు ఉన్నాయని 2002లో రాశారు. అది చదివి నా మనసు కలుక్కుమంది. గాటు పడ్డ చోట ఊడిన పెచ్చు ఎక్కడికి పోయి ఉంటుంది?

నెదర్లాండ్స్‌ను ఆనుకుని ఉన్న ఉత్తర సముద్రం మీద ఫుల్మార్ అనే పక్షి తిరుగుతుంది. ఎక్కువ కాలం సముద్రం మీదే గడుపుతుంది, తిండంతా నీటి మీదే. గల్ అనే సముద్రపు పక్షులైతే అరగనిదాన్ని ఉండ చేసి కక్కేస్తాయి. ఫుల్మార్ అలా కక్కదు. దాని కడుపుకీ కందనకాయకీ మధ్య దారి బాగా ఇరుకు. మింగిన ప్లాస్టిక్ కందనకాయలోనే చిక్కుకుంటుంది. కందనకాయ నూరి నూరి పొడి చేస్తేగాని ముందుకు కదలదు. అన్నాళ్లూ తిండికి ఉండాల్సిన చోటు దానిదే. పిల్ల నోట్లో పెట్టే మేతతో పాటు కొంత దాని కడుపులోకీ చేరుతుంది.

యాన్ వాన్ ఫ్రానెకర్ అనే డచ్ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు 1980ల నుంచి ఒడ్డున చచ్చిపడిన ఫుల్మార్ల కడుపులు కోసి చూస్తూ వచ్చారు. 0.1 గ్రాముకు మించి ప్లాస్టిక్ ఉన్న పక్షులు నూటికి పది దాటకూడదని ఆ తీర దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. 2014 నుంచి 2018 దాకా వేసిన లెక్కలో దాదాపు సగం పక్షులు ఆ హద్దు దాటే ఉన్నాయి.

థర్మోకోల్‌లో దాదాపు 98 శాతం గాలే. అందుకే మునగదు, గాలివాటున ఎంత దూరమైనా పోతుంది. ఎండకు పెళుసెక్కి, అలల తాకిడికి పూసలు పూసలుగా రాలిపోతుంది. పెద్ద ముక్కనైతే ఏరొచ్చు. ఇసుకలో కలిసిన ఆ పూసల్ని ఎవరు ఏరగలరు చెప్పండి?

మన విశాఖ, కాకినాడ రేవుల్లోనూ చేపల్ని ఐసు వేసి థర్మోకోల్ పెట్టెల్లో పంపుతారు. మన తీరంలోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు మొదట తిరిగేది, ఈ పూసలు తేలే నీటి పైపొరలోనే.

అలంకరణకు వాడే థర్మోకోల్‌ను మన దేశంలో 2022 జులై 1 నుంచి నిషేధించారు. అయినా వినాయక చవితి పందిళ్లలో ఇంకా కనబడుతోంది. ఈసారి మీ వీధి పందిరికి అట్టలు, కాగితాలు, పూలు చాలని పెద్దవాళ్లతో గట్టిగా చెప్పండి. కొత్త టీవీ డబ్బాలో వచ్చే థర్మోకోల్‌కు ఈ నిషేధం లేదు. దాన్ని వీధిలో విరగ్గొట్టి ఆడకండి. పూసలు రాలకుండా మొత్తంగా సంచిలో మూట కట్టి, చెత్త బండి వచ్చినప్పుడు పొడి చెత్తలో వెయ్యండి. కాలవలోకి మాత్రం ఒక్క ముక్క కూడా పోనివ్వకండి.

మీ
తాతయ్య