రెండు షేడ్లు తెల్లగా కొంటే ముఖం బూడిద రంగే: రోజువారీ మేకప్ అపోహలు - వాస్తవాలు

కొత్తగా మేకప్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళ బ్యాగు తెరిపిస్తే దాదాపు ప్రతిసారీ ఒకటే కనిపిస్తుంది. పావు వంతు కూడా వాడని ఫౌండేషన్ సీసా, అదీ వాళ్ళ ఒంటి రంగు కన్నా రెండు షేడ్లు తెల్లగా. "మరి వాడట్లేదేం?" అంటే జవాబు కూడా ఒకటే: "నాకు మేకప్ నప్పదు మేడమ్."

నప్పకపోవడానికి ఏముంది? వేరేవాళ్ళ రంగు సీసా కొనుక్కుని మీ ముఖానికి రాసుకున్నారు, అంతే.

విజయవాడలో కాలేజీ అమ్మాయిలకీ, ఉద్యోగాలకు వెళ్ళే ఆడవాళ్ళకీ ఎవరికి వాళ్ళు రోజూ వేసుకునే మేకప్ నేర్పిస్తుంటాను. పెళ్ళికూతురి మేకప్ లెక్క వేరు, దాన్ని ఇక్కడికి తీసుకురాను. రోజువారీ మేకప్‌లో కొత్తవాళ్ళ డబ్బునీ ధైర్యాన్నీ ఎక్కువగా తినేస్తున్న అపోహ ఒకటుంది. ముందు దాని సంగతి చూద్దాం, మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: ఫౌండేషన్ వేసుకునేది తెల్లగా కనపడటానికి. కాబట్టి కొంచెం లైట్ షేడే కొనాలి.

వాస్తవం: ఫౌండేషన్ పని ముఖంలో రంగు తేడాలు సర్దడం. మనలో చాలామందికి నుదురు, నోటి చుట్టూ, కళ్ళ కింద ఒక రంగు, బుగ్గలు ఇంకో రంగు. మొటిమలు మానిన చోట మచ్చలు. వీటన్నిటినీ ఒకే రంగులోకి తేవాలి, ఆ రంగు మెడతో కలిసిపోవాలి. దాని వల్ల అయ్యే పని అంతవరకే.

లైట్ షేడ్ వేస్తే తెల్లగా కాకుండా బూడిద రంగు ఎందుకొస్తుందో చెబుతాను. ఫౌండేషన్‌లో తెలుపు టైటానియం డయాక్సైడ్‌ది. పసుపు, ఎరుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లవి. షేడ్ లైట్ అయ్యేకొద్దీ తెలుపు పెరిగి మిగతావి తగ్గుతాయి. ఛామనఛాయ చర్మం మీద అలాంటి తెల్లటి పొర పలచగా పరుచుకుంటే కింది రంగు చావదు, పై రంగు నిలవదు, రెండూ కలిసి సున్నం వేసినట్టు బూడిదగా తేలుతుంది. ట్యూబ్ లైటు కింద అద్దంలో బాగానే ఉంటుంది. ఫ్లాష్ కొట్టి ఫోటో తీస్తేనో, పగలు బయటికొస్తేనో బండారం బయటపడుతుంది.

మొన్నీమధ్య ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. అమ్మాయికి క్యాంపస్ ఇంటర్వ్యూలు. చక్కని ఛామనఛాయ, కళగల ముఖం. నేను షేడ్ చూస్తుంటే వాళ్ళమ్మ పక్కనుంచి, "ఏమండీ, అది వద్దులెండి, కాస్త తెల్లగా కనపడేది వేయండి" అన్నారు. వాదన పెట్టుకోలేదు. ముఖానికి ఒకవైపు ఆవిడ అడిగిన షేడ్, రెండోవైపు అమ్మాయికి సరిపోయే షేడ్ వేసి ఇద్దరినీ బాల్కనీలోకి తీసుకెళ్ళాను. ఆవిడ అటూ ఇటూ చూసి, "ఇటువైపు జ్వరమొచ్చినదానిలా ఉందేంటండీ" అన్నారు. అది ఆవిడ కోరిన వైపే. అమ్మాయి మాత్రం ఫోన్ కెమెరా తెరిచి, రెండో చెంపనే తిప్పి తిప్పి చూసుకుంటోంది.

ఆ తల్లిని తప్పుపట్టను. "పిల్ల బాగుంటుంది గానీ రంగే కొంచెం..." అనే మాట వినని ఇల్లు మన దగ్గర తక్కువ. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరు గ్లో అండ్ లవ్లీగా మారింది గానీ, పెళ్ళిచూపుల్లో మాటలేమీ మారలేదు. ఆ భయంతోనే చెయ్యి లైట్ షేడ్ మీదికి పోతుంది. మీ టెన్షన్ నాకర్థమవుతుంది. కానీ దానికి మందు ఆ సీసాలో లేదు.

మరి సరైన షేడ్ ఎలా తెలుస్తుంది? షాపులో సేల్స్ అమ్మాయి మీ చెయ్యి లాక్కుని మణికట్టు లోపల గీత గీస్తుంది. వద్దనండి. ఎండ తగలని ఆ చోటు ముఖం కన్నా తెల్లగా ఉంటుంది. చాలామంది మోసపోయేది అక్కడే. ముఖం కడుక్కుని, పౌడరు రాసుకోకుండా వెళ్ళండి. మీకు దగ్గరగా అనిపించిన మూడు షేడ్లు తీసుకుని, దవడ అంచున బుగ్గ నుంచి మెడ మీదికి దిగేలా మూడు గీతలు పక్కపక్కనే పెట్టండి. రుద్దకండి, వేలితో మెల్లగా అద్దండి. వెంటనే కొనకండి. కొన్ని ఫౌండేషన్లు చర్మం మీది జిడ్డుతో కలిసి కాసేపటికి ఒక షేడ్ ముదురుతాయి. ఒక పావుగంట ఆగాలి. మా ఊళ్ళో అయితే ఆ గీతలతోనే బీసెంట్ రోడ్డు ఆ చివరి దాకా నడిచి రమ్మంటాను, ఎవరూ మిమ్మల్ని చూడరు, అందరూ బేరాల్లో ఉంటారు. తర్వాత ఎండలో కాకుండా నీడపట్టున పగటి వెలుగులో చూసుకోండి. ఏ గీత ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోందో అదే మీ షేడ్.

మెడకీ ముఖానికీ మరీ తేడా ఉంటే రెండింటికీ మధ్య రంగు తీసుకుని, మెడ మొదట్లో కొంచెం కలిపేయండి. రెండు షేడ్ల మధ్య ఊగిసలాడుతుంటే, తెల్లది వదిలేసి రెండోది తీసుకోండి. మణికట్టు నరాలు ఆకుపచ్చగా ఉంటే వార్మ్ అండర్‌టోన్ (చర్మం అడుగున పసుపు ఛాయ), నీలంగా ఉంటే కూల్ (గులాబీ ఛాయ) అని రీల్స్‌లో చెప్పే చిట్కా ఛామనఛాయ మీద నాకెప్పుడూ తేలలేదు, ఆ నరాలు కనిపిస్తేగా! దవడ మీది గీతలో అండర్‌టోన్ కూడా తెలిసిపోతుంది. పసుపు ఎక్కువైతే కామెర్ల ముఖంలా, గులాబీ ఎక్కువైతే కమిలినట్టు కనిపిస్తుంది.

షేడ్ కుదిరాక శెనగగింజంత చాలు. ముక్కు పక్కల నుంచి మొదలుపెట్టి బయటికి, తడిపి పిండిన స్పాంజితో అద్దుతూ వెళ్ళండి. నిజానికి ఆఫీసుకు వెళ్ళే రోజు ముఖమంతా ఫౌండేషన్ అక్కర్లేదు. మచ్చల మీద కన్సీలర్ (మచ్చలు కప్పే చిక్కటి క్రీమ్), కనుబొమ్మలు, కాటుక, పెదాలకు రంగు. మే నెల బెజవాడ ఉక్కపోతలో అంతకు మించి ఏం వేసినా కారిపోయేదే.

ఇదే అపోహకు ఇంకో ముఖం ఉంది, దాని దగ్గర మాత్రం నాకు కోపం ఆగదు. "ముందు నైట్ క్రీమ్ రాసి తెల్లబడాలి, అప్పుడే మేకప్ నిలుస్తుంది" అని ఎవరో చెబుతారు. అది నమ్మి రాసుకునే చిన్న ట్యూబు చాలాసార్లు స్టెరాయిడ్ క్రీమే. వెనక్కి తిప్పి చూడండి. బెటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్ లాంటి పేరుంటే అది కాస్మెటిక్ కాదు, మందు. డాక్టరు చీటీ మీదే అమ్మాలి, మెడికల్ షాపులో అడగ్గానే ఇస్తున్నారంటే మంచిదని అర్థం కాదు. మొదట్లో నిజంగానే ముఖం తేటపడుతుంది, అందుకే నమ్ముతారు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి ఎర్రబారుతుంది, సన్నని రక్తనాళాలు బయటపడతాయి, మొటిమలు లేస్తాయి, ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి. ఆపగానే మంట మొదలవుతుంది, ఆ మంటకి భయపడి మళ్ళీ అదే రాస్తారు.

నా క్లాసులో ఒకమ్మాయికి మామూలు మాయిశ్చరైజర్ రాసినా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అక్కా, మా రూమ్మేట్ ఇచ్చిన క్రీమ్ రాస్తున్నా" అంది. ఫీజు వెనక్కిచ్చి, ముందు స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను. మీరూ అలాంటిది వాడుతుంటే సిగ్గుపడకండి, మీలాంటివాళ్ళు బోలెడుమంది. సొంతంగా ఒక్కసారే మానేయకుండా ట్యూబు పట్టుకుని డాక్టరుకు చూపించండి, ఎలా ఆపాలో ఆయన చెబుతారు. పెద్ద స్పెషలిస్టే కావాలని లేదు, ప్రభుత్వాసుపత్రి చర్మవ్యాధుల విభాగమైనా చాలు.

ఇక మిగతావి. ప్రతిదాంట్లో మొదటి మాట అపోహ, ఆ తర్వాతది వాస్తవం.

కళ్ళ కింద నలుపుకి తెల్లటి కన్సీలర్ వేస్తే పోతుంది. పోదు, అక్కడా బూడిదే. ముందు పీచ్ లేదా నారింజ రంగు కరెక్టర్ (నలుపుని తగ్గించి చూపే రంగు క్రీమ్) పలచగా అద్ది, దాని మీద మీ రంగు కన్సీలర్ వేయండి.

ఫౌండేషన్‌లో ఎస్పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) ఉంది, సన్‌స్క్రీన్ దండగ. డబ్బా మీది ఆ అంకె రావాలంటే చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాయాలి, అంత ఫౌండేషన్ ఎవరూ రాయరు. ముందు సన్‌స్క్రీన్, అది ఆరాక మేకప్.

మేకప్ వేస్తే ముసలితనం త్వరగా వస్తుంది. ముడతలు తెచ్చేది ముఖ్యంగా ఎండ. మేకప్‌తో పడుకోవడం, ఉతకని స్పాంజి మొటిమలు తెస్తాయి, అది మాత్రం నిజం.

ప్రైమర్ (మేకప్‌కి ముందు రాసే పూత) లేకపోతే మేకప్ నిలవదు. మాయిశ్చరైజర్ ఇంకాక మొదలుపెట్టండి, చాలు.

ఇంట్లో పట్టిన కాటుక కాబట్టి ఎవరికైనా పెట్టొచ్చు. మసి మసే. పసిపిల్లల కళ్ళకి అసలు వద్దు. ఇక ఒక కాటుక పెన్సిల్ ఇంటిల్లిపాదీ వాడితే ఒకరి కండ్లకలక అందరికీ పంచినట్టే.

ఎక్స్‌పైరీ డేటు దాకా ఏదైనా వాడొచ్చు. ఆ డేటు మూత తీయని సరుకుకి. తీశాక చూడాల్సింది డబ్బా వెనక, మూత తెరిచిన డబ్బా బొమ్మ మీద ఉండే 6ఎం, 12ఎం గుర్తు. అన్ని నెలలే వాడాలి. మస్కారా మూడు నెలలు దాటాక వద్దు, ఎక్కువలో ఎక్కువ ఆరు. ఎండిపోయిందని దాంట్లో నీళ్ళు మాత్రం పోయకండి, ఉమ్ము అసలే వద్దు.