ఫిబ్రవరి 30ని ఒప్పుకున్న ఫారం

పర్లాకిమిడిలో మా వీధి పెద్దావిడ ఒకరు పింఛను కాగితాలు పట్టుకొచ్చారు. పాత కాగితంలో పుట్టిన తేదీ 30-02-1958 అని ఎవరో రాసేశారు. తిథి గుర్తుండి తేదీ తెలియని ఇళ్లలో ఇలాంటి రాతలు మామూలే. ఆన్‌లైన్ ఫారం మాత్రం దాన్ని వద్దనలేదు. చడీచప్పుడు లేకుండా 02-03-1958గా మార్చి దాచుకుంది. కాగితంలో ఒక తేదీ, కంప్యూటర్‌లో ఇంకొకటి. దరఖాస్తు వెనక్కొచ్చింది. "మార్చి ఏటి బాబూ, నాది పిబ్రవరి గదా" అని ఆవిడ అడుగుతుంటే నాకే బాధేసింది.

దీని మూలం సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉంది. 1989 నాటి ప్రమాణంలోనే రోజు, నెల, సంవత్సరం అంకెల్ని కంప్యూటర్ సమయంగా మార్చే ఎంకేటైమ్ అనే ఫంక్షన్‌కి ఇచ్చే అంకెలు పరిధి దాటినా సర్దుకోవాలని రాశారు. కారణం మంచిదే. ఇవాళ్టికి 40 రోజులు కలపాలంటే రోజు గడిలో 40 కలిపేస్తే చాలు, నెలా సంవత్సరం అదే సరిచూసుకుంటుంది. లెక్కలకు ఇది గొప్ప సాయం. మనిషి టైప్ చేసిన తేదీని కూడా అదే దారిలో పంపడంతో చిక్కు మొదలైంది.

వెబ్‌సైట్లు కట్టే పీహెచ్‌పీ భాష ఆ ఫంక్షన్‌ని పేరుతో సహా తీసుకుంది. తేదీ నిజమైనదో కాదో చూడడానికి చెక్‌డేట్ అని వేరే ఫంక్షన్ ఇచ్చింది, కానీ దాన్ని పిలవాల్సింది ప్రోగ్రామరే. జావా భాషలో తేదీల కోసం ఇచ్చిన తొలి డేట్ క్లాసుకీ ఇదే అలవాటు. 1995లో, బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ భాష దాన్నే అనుసరించింది, నెలల్ని సున్నా నుంచి లెక్కపెట్టడంతో సహా. అందుకే అక్కడ నెల 2 అంటే మార్చి.

2003లో పైథాన్ భాష 2.3 వెర్షన్‌తో వచ్చిన తేదీల సాధనం డేట్‌టైమ్ మాత్రం మొదటి రోజు నుంచే లేని తేదీని తిప్పికొట్టింది. జావా అదే దారికి రావడానికి 2014 దాకా పట్టింది. నా ఓటు పైథాన్ పద్ధతికే.

రోజు 1 నుంచి 31 లోపు ఉందా అని చూసి ఊరుకుంటే సరిపోదు. ఆ పరీక్షలో 30 నెగ్గేస్తుంది. నెల చూడాలి, సంవత్సరమూ చూడాలి: 2000లో ఫిబ్రవరి 29 ఉంది, 1900లో లేదు. ప్రోగ్రాం కట్టిన తేదీని తిరిగి రాయించి, టైప్ చేసినదానితో పోల్చినా దొంగ బయటపడతాడు. ఆ ఫారంలో ఈ రెండు వరసల కోడ్ ఉండి ఉంటే సరిపోయేది.

ఆవిడ దరఖాస్తు అఫిడవిట్ జతచేసి మళ్లీ పంపాం.