ఎన్ని రెట్లు పెద్దది అని అడిగారు కదా

బరంపురం

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

"మిడ్‌రేంజ్ కంప్యూటర్ కన్నా మెయిన్‌ఫ్రేమ్ ఎన్ని రెట్లు పెద్దది?" అని అడిగారు. మెయిన్‌ఫ్రేమ్ అంటే బ్యాంకుల్లాంటి పెద్ద సంస్థల పని మోసే భారీ కంప్యూటర్, మిడ్‌రేంజ్ అంటే దానికీ మామూలు చిన్న కంప్యూటర్‌కీ మధ్య తరగతిది. రెట్లతో తేలే లెక్క కాదర్రా ఇది. ఐబీఎం వాళ్లు 2022లో తెచ్చిన మెయిన్‌ఫ్రేమ్ జెడ్16లో కొన్నవాళ్లు వాడుకోగల కోర్లు, అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు, మహా అయితే 200. వాళ్లదే, మెయిన్‌ఫ్రేమ్ కాని 2021 నాటి పవర్ ఈ1080లో 240 దాకా ఉంటాయి! వాళ్ల పాత మిడ్‌రేంజ్ కంప్యూటర్ ఏఎస్/400 సంతతి ఇప్పుడు నడుస్తున్నది ఈ పవర్ యంత్రాల మీదే.

మరి మెయిన్‌ఫ్రేమ్ గొప్పేమిటి? ఇక్కడి పట్టుచీరల కొట్లో చూడండి, చీరలు చూపించేవాడు పరుపు మీంచి లేవడు. బీరువాల్లోంచి తీసేదీ, మడతపెట్టి సర్దేదీ కుర్రాళ్లు. అందుకే ఒక్కడే నాలుగు బేరాలు చూసుకుంటాడు. మెయిన్‌ఫ్రేమ్‌లో ఆ కుర్రాళ్లు ఛానెళ్లు. డిస్కుల నుంచి సమాచారం తేవడం, పెట్టడం వాటి పని. ప్రాసెసర్ తన లెక్క తాను చేసుకుంటుంది. ఏఎస్/400లోనూ ఇలాంటి సాయం ఉండేదిగానీ ఇంత విస్తారంగా కాదు. పైగా 1994లో వచ్చిన ప్యారలల్ సిస్‌ప్లెక్స్ అనే ఏర్పాటుతో 32 మెయిన్‌ఫ్రేమ్ వ్యవస్థల దాకా కలిపి, ఒకే సమాచారం మీద పనిచేయించవచ్చు. ఒకదాన్ని రిపేరుకి ఆపినా మిగతావి బ్యాంకు పని ఆగనివ్వవు.

పెద్దదనిపించుకోవడమంటే ఏళ్ల తరబడి నిలవడం కూడా. నేనైతే దానికే ఎక్కువ మార్కులేస్తాను. 1964లో ఐబీఎం వాళ్ల సిస్టమ్/360 మెయిన్‌ఫ్రేమ్‌ల కుటుంబం వచ్చేదాకా, పెద్ద యంత్రానికి మారితే చాలాసార్లు ప్రోగ్రాములు మళ్లీ రాసుకోవాల్సిందే. ఆ కుటుంబంలో చిన్నదానికి రాసింది పెద్దదాని మీదా నడిచింది. 1988లో పుట్టిన ఏఎస్/400 ఇందులో తీసిపోలేదు. 1995లో 48 బిట్ల నుంచి 64 బిట్ల ప్రాసెసర్‌కి మారినా, చాలా ప్రోగ్రాములు తిరగరాయకుండానే నడిచాయి.

మెయిన్‌ఫ్రేమ్ లేకపోతే పెద్ద పని సాగదనీ అనుకోకండి. మన రైల్వే రిజర్వేషన్ 1980లలో కంప్యూటర్ మీదకెక్కింది డెక్ కంపెనీ వ్యాక్స్ యంత్రాలతోనే, అవి మిడ్‌రేంజ్ తరగతివే. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు 1999కల్లా ఒకదానితో ఒకటి కలిశాయి. దాంతో ఏ ఊరి కౌంటర్లోనైనా ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా టికెట్ దొరికింది.

ఇంకా సందేహాలుంటే రాయండి. తెలుగు అక్షరాలు తడబడితే ఒడియాలో రాసినా చదువుకుంటాను.

మీ తాతయ్య