ఇంటి బరువులు, ఇనుము: అపోహలు - వాస్తవాలు

"పిల్లర్లు లావుగానే ఉన్నాయి కదా, పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చు" అన్నది ఇళ్ల డిజైన్ చేసే నాకు తరచుగా వినిపించే మాట. పిల్లరు కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరూ దాన్ని చూసే ధైర్యపడతారు. ఆ బరువును చివరకు మోసే ఫుటింగు (పిల్లరు అడుగున భూమిలో వేసే వెడల్పాటి కాంక్రీటు దిమ్మె), దాని కింది నేల మాత్రం ఎవరికీ కనిపించవు. స్లాబు, బీములు, గోడలు, ఫ్లోరింగు, మనుషులు, సామాను అన్నీ కలిపి మామూలు ఇంట్లో ఒక్కో అంతస్తుకు చదరపు మీటరుకు సుమారు ఒక టన్ను చొప్పున తొలి అంచనా వేస్తాము. పిల్లర్ల మధ్య దూరం నాలుగేసి మీటర్లు అయితే, నడుమనున్న పిల్లరు మీదికి అంతస్తుకు 16 టన్నులు వస్తాయి. రెండు స్లాబులకు 32 టన్నులు. దాని కింద ఐదడుగుల చదరపు ఫుటింగు ఉంటే, సొంత బరువు కలపకుండానే నేలపై చదరపు మీటరుకు దాదాపు 14 టన్నులు పడుతుంది. మూడో స్లాబు వేస్తే అది 21 టన్నులకు చేరుతుంది. మట్టి పరీక్షలో చదరపు మీటరుకు 15 టన్నులే భరిస్తుందని తేలిన నేల ఆ భారానికి ఒకచోట ఎక్కువగా, మరొకచోట తక్కువగా కుంగి, ద్వారబంధాల మూలల నుంచి గోడలు ఏటవాలుగా బీటలు వారతాయి. నల్లరేగడిలో సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

బీరువాలకు, పుస్తకాలకు భయపడేవారు గోడలకు భయపడరు. భవనాలపై బరువుల లెక్కకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం నివాస గదులకు మనుషులు, సామాను నిమిత్తం చదరపు మీటరుకు 200 కిలోలు లెక్కగడతాము. పదడుగుల ఎత్తున్న నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ మాత్రం, ప్లాస్టరింగుతో కలిపి, మీటరు పొడవుకే దాదాపు 800 కిలోలు తూగుతుంది. కింద బీము లేనిచోట "చిన్న గోడే కదా" అని లేపేది దాన్నే.

ఇనుము ఎంత ఎక్కువ వేస్తే అంత బలమన్నది మరో నమ్మకం. ఒక ఇంటికి కాంక్రీటు పోసే రోజు ఉదయం వెళ్లి చూస్తే, నాలుగడుగులు బయటికి వచ్చిన బాల్కనీలో ప్రధాన రాడ్లు లోపలి గదుల్లో మాదిరిగానే అడుగున పరిచి ఉన్నాయి. "డ్రాయింగులో చూపినదానికంటే ఎక్కువే కట్టాం సార్" అన్నాడు మేస్త్రి. బాల్కనీ కొన కిందికి వంగబోతుంది కాబట్టి దాని పైభాగం సాగుతుంది. సాగితే కాంక్రీటు పగులుతుంది, ఆ లాగుడును ఆపేది ఇనుమే. అందుకే ఇనుము పైన ఉండాలి, లోపలి స్లాబులోకి బాల్కనీ పొడవుకు ఒకటిన్నర రెట్లయినా వెళ్లాలి. అడుగున రెట్టింపు రాడ్లు ఉన్నా ఆ పనికి అక్కరకు రావు. సరిగ్గా పైన కట్టినవి కూడా కూలీలు తొక్కితే దిగిపోతాయి: ఐదంగుళాల స్లాబులో అడుగు నుంచి 100 మిల్లీమీటర్ల ఎత్తున ఉండవలసిన రాడ్డు 60కి దిగితే బలంలో దాదాపు 40 శాతం పోయినట్లే. ఆ రోజు రాడ్లు విప్పించి, కింద కుర్చీలు (పై రాడ్లు దిగకుండా ఎత్తి పట్టే వంచిన ఇనుప ముక్కలు) పెట్టించి, మధ్యాహ్నం దాటాక కాంక్రీటు మొదలుపెట్టించాను. ఇంటాయనకు కోపం వచ్చింది.

"సిమెంటు దండిగా వేశాం, నీళ్లు కాస్త ఎక్కువైతే ఏం?" అన్న మాటకు జవాబు చిన్నదే: నీళ్లు ఎక్కువైతే కాంక్రీటు బలం తగ్గుతుంది. కాంక్రీటు పనికి ఉన్న ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం సాధారణ పరిస్థితుల్లోనే 50 కిలోల బస్తాకు 27.5 లీటర్లు మించకూడదు; కాకినాడ, విశాఖల్లో సముద్రగాలి నేరుగా తగిలే ఇళ్లకు 22.5 లీటర్లే. ఇసుకలోని తడి కూడా ఆ లెక్కలోదే, కానీ వాన పడిన మర్నాడు కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గర నీళ్ల బకెట్లు తగ్గించినవాణ్ణి నేను చూసింది తక్కువ.