జీమ్యాట్‌లో లెక్కలోకి రాని ప్రశ్నను వెతకొద్దు: అపోహలు - వాస్తవాలు

ఎంబీఏ లాంటి మేనేజ్‌మెంట్ కోర్సుల్లో చేరడానికి రాసే జీమ్యాట్‌కు పాఠాలు చెప్పే నాకు, పరీక్ష రాసి వచ్చినవాళ్ల నుంచి ఎక్కువగా వినిపించే మాట: "సార్, టైమ్ సరిపోలేదు." ఎక్కడ పోయిందో కూర్చుని చూస్తే చాలాసార్లు రెండు మూడు ప్రశ్నల దగ్గరే పోయి ఉంటుంది. అక్కడ ఆగిపోవడానికి కారణం ఎక్కువగా ఈ అపోహల్లో ఒకటే.

అపోహ: ప్రశ్న వింతగా ఉంటే అది ప్రయోగం కోసం పెట్టింది, స్కోరుకు కలవదు.

వాస్తవం: స్కోరుకు కలపని ప్రశ్నలు ఉండే మాట నిజం. కొత్త ప్రశ్న ఎంత కష్టమో తయారుచేసినవాళ్లకు ముందే తెలియదు. నిజంగా పరీక్ష రాస్తున్నవాళ్ల ముందు పెట్టి, ఏ స్థాయివాళ్లు ఎంతమంది సరిగ్గా చేశారో చూస్తేనే తేలుతుంది. అందుకే వాటిని మామూలు ప్రశ్నల మధ్య ఏ గుర్తూ లేకుండా కలిపేస్తారు. గుర్తు పెడితే ఎవరూ మనసు పెట్టి చేయరు, అప్పుడు ఆ ప్రయోగమే దండగ. కాబట్టి చూసి కనిపెట్టడం మనవల్ల కాదు. వింతగా అనిపించింది మనం సరిగా చదవని టాపిక్ కూడా కావచ్చు.

అపోహ: తేలిక ప్రశ్న వచ్చిందంటే ముందుది తప్పయినట్టే.

వాస్తవం: జీమ్యాట్‌లో మన జవాబులను బట్టి తర్వాతి ప్రశ్నల కష్టాన్ని కంప్యూటర్ మారుస్తూ ఉంటుంది. అక్కడి నుంచి వచ్చే ఈ భయం ఇంకా ప్రమాదం. నా స్టూడెంట్ ఒకమ్మాయి మాక్ టెస్టులో తొమ్మిదో ప్రశ్న సులువుగా ఉండేసరికి ఎనిమిదోది పోయిందనుకుంది. ఆ టెన్షన్‌లో పదో ప్రశ్నను మూడుసార్లు చదివింది. తర్వాత చూస్తే ఎనిమిదోది కరెక్టే! అసలు పరీక్షలో అయితే ఆ తేలిక ప్రశ్న లెక్కలోకి రానిదే కావచ్చు. లేదా మీకు బాగా వచ్చిన టాపిక్ కాబట్టి తేలిగ్గా అనిపించి ఉండొచ్చు. కంప్యూటర్ మన గురించి ఏమనుకుంటోందో ఊహించడానికి పెట్టే ప్రతి సెకనూ మన టైమ్‌లోంచే పోతుంది.

లెక్కలోకి రాని ప్రశ్నల వల్ల మనకు ఒక్కటే ఉపయోగం. రెండున్నర నిమిషాలైనా దారి దొరకని ప్రశ్న వచ్చినప్పుడు, "ఇది కలవనిదే కావచ్చు" అనుకుని ఒక జవాబు పెట్టి ప్రశాంతంగా ముందుకెళ్లొచ్చు. ప్రశ్న చూడగానే ఆ మాట అనుకుంటే మాత్రం నష్టమే.

అపోహ: మొదటి పది ప్రశ్నలే స్కోరు తేల్చేస్తాయి.

వాస్తవం: సెక్షన్ చివరిదాకా మన స్థాయి మీద కంప్యూటర్ అంచనా మారుతూనే ఉంటుంది. మొదట్లో తాపీగా చేసి, చివర్లో అయిదు ప్రశ్నలు మిగిల్చుకున్నవాళ్లు బాగా నష్టపోతారు. క్వాంట్‌లో, అంటే లెక్కల సెక్షన్‌లో, 45 నిమిషాలకు 21 ప్రశ్నలు. నేను చెప్పే లెక్క: 15 నిమిషాలకు 7. ఏడు పూర్తయ్యేసరికి గడియారంలో 30 నిమిషాలు, పద్నాలుగు పూర్తయ్యేసరికి 15 నిమిషాలు మిగలాలి. ప్రతి ప్రశ్నకీ గడియారం చూడకండి, ఈ రెండు చోట్ల చూస్తే చాలు. వెర్బల్‌లో (ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకునే సెక్షన్) 23, డేటా ఇన్‌సైట్స్‌లో (పట్టికలు, గ్రాఫుల్లాంటి సమాచారం మీద అడిగే సెక్షన్) 20 ప్రశ్నలు. టైమ్ రెండింటికీ అంతే, 45 నిమిషాలు.

అపోహ: తెలియకపోతే వదిలేయడమే మేలు.

వాస్తవం: ఇది జేఈఈ మెయిన్ నుంచి మనవాళ్లకు వచ్చిన అలవాటు. అక్కడ తప్పు జవాబుకు ఒక మార్కు కోస్తారు కాబట్టి అలా నేర్పారు. జీమ్యాట్‌లో జవాబు పెట్టకుండా తర్వాతి ప్రశ్నకు పోలేం. టైమ్ అయిపోయి మిగిలిపోయిన ప్రశ్నలకు స్కోరు తగ్గుతుంది. చివరి రెండు నిమిషాల్లో నాలుగు మిగిలితే, అన్నిటికీ ఏదో ఒక జవాబు పెట్టేయండి.

అపోహ: బుక్‌మార్క్ చేసుకుని తర్వాత చూసుకోవచ్చు.

వాస్తవం: సెక్షన్ మొత్తం అయ్యాక టైమ్ మిగిలితేనే వెనక్కి వెళ్లగలం. మార్చుకోగలిగేది మూడు జవాబులే.

విదేశాల్లో పీజీ కోసం ఎక్కువమంది రాసే ఇంకో పరీక్ష జీఆర్‌ఈ. అది రాసేవాళ్లు ఈ సలహాలన్నీ ఉన్నవున్నట్టు పట్టుకోకండి. అందులో కష్టం మారేది ప్రశ్న ప్రశ్నకూ కాదు, సెక్షన్ సెక్షన్‌కు. ఒకే సెక్షన్ లోపల ప్రశ్న దాటేసి మళ్లీ రావచ్చు. 2023 సెప్టెంబరులో పరీక్షను కుదించినప్పుడు స్కోరుకు కలపని సెక్షన్‌ను కూడా తీసేశారు. పాత పుస్తకాల్లో ఇంకా దాని ప్రస్తావన కనిపిస్తే పట్టించుకోకండి.