పెట్టెలో తాళంచెవి: బూట్ పారామీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

టైనీ కోర్ లాంటి బుల్లి లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నవారిలో చాలామంది ఒకచోట తడబడతారు. సిస్టమ్ బూట్ అవుతుంది, కానీ నిన్న వేసుకున్న ప్రోగ్రాములు ఒక్కటీ ఉండవు. అవి ఎక్కడికీ పోలేదు. పెన్‌డ్రైవ్ మేల్కొనేలోపే సిస్టమ్ దాన్ని వెతికి, దొరకలేదనుకుని ముందుకు వెళ్లిపోయింది, అంతే. బూట్ వరుసలో, అంటే సిస్టమ్ మొదలయ్యేటప్పుడు దానికి అందించే సూచనల (బూట్ పారామీటర్ల) వరుసలో, ‘వెయిట్‌యూఎస్‌బీ=5’ అని రాస్తే ఐదు సెకన్లు ఆగుతుంది.

ఈ ముక్క ఏదో ఒక ఫైలులో రాసుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఆ ఫైలు ఉండేది కూడా ఆ పెన్‌డ్రైవ్‌లోనే! తాళంచెవిని పెట్టెలో పెట్టి తాళం వేసినట్టు.

ఈ చిక్కు లినక్స్‌తోపాటే పుట్టింది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని విడుదల చేసిన తొలి రోజుల్లో కర్నెల్‌ను (సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రామును) నేరుగా ఫ్లాపీ మీదికి రాసి బూట్ చేసేవారు. రూట్ పార్టిషన్ (సిస్టమ్ ఫైళ్లు ఉండే డిస్కు భాగం) ఏదన్న సంగతి కర్నెల్ ఇమేజ్‌లోనే, 508వ బైటు నుంచి రెండు బైట్లలో ఉండేది. అక్కడ 0301 ఉంటే మొదటి ఐడీఈ (పాత రకం) హార్డ్ డిస్కులో మొదటి పార్టిషన్ అని అర్థం. మార్చాలంటే ‘ఆర్‌డెవ్’ అనే చిన్న ప్రోగ్రాముతో ఆ బైట్లను దిద్దాలి. ఆ చోటు ఎక్స్86 కర్నెల్ హెడర్‌లో ఇప్పటికీ అలాగే ఉంది.

1992లో వెర్నర్ ఆల్మ్స్‌బెర్గర్ ‘లిలో’ బూట్‌లోడర్ (కర్నెల్‌ను మెమరీలోకి ఎక్కించి, దానికి సూచనల వరుస అందించే ప్రోగ్రాము) తెచ్చాక అంకెల స్థానంలో మాటలు వచ్చాయి. రూట్ ఎక్కడో చెప్పడానికి మొదలైన వరుసలోకి హార్డ్‌వేర్ లోపాలన్నీ వచ్చి చేరాయి. పాత బయోస్ (మదర్‌బోర్డులోనే ఉండే తొలి ప్రోగ్రాము) 64 మెగాబైట్లకు మించి మెమరీ లెక్క చెప్పలేకపోతే ‘మెమ్=128ఎం’ అని మనమే చెప్పాలి. పైగా సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ లిలోను మళ్లీ నడపాలి. కర్నెల్ మార్చి ఆ పని మరిచిపోతే బూట్ మధ్యలోనే ఆగిపోయేది. 1995లో ఎరిక్ బోలిన్ మొదలుపెట్టిన ‘గ్రబ్’ ఫైల్‌సిస్టమ్‌ను తానే చదవగలదు. దాని మెనూలో ‘ఇ’ నొక్కి వరుసను ఆ ఒక్కసారికి మార్చుకోవచ్చు, డిస్కు మీద ఏదీ మారదు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో మనిషికి నిజంగా మేలు చేసిన సౌకర్యం ఇదొక్కటే.

2006-07 ప్రాంతంలో డిస్కు డ్రైవర్లు మారి, మొదటి డిస్కు పేరు ‘హెచ్‌డీఏ’ కాస్తా ‘ఎస్‌డీఏ’ అయింది. పాత పేరు రాసుకున్న మెషీన్లు రూట్ దొరక్క నిలిచిపోయాయి. పేర్లను నమ్మలేక డిస్ట్రిబ్యూషన్లు (ఉబుంటు లాంటి లినక్స్ రకాలు) యూయూఐడీలకు, అంటే ఒక్కో ఫైల్‌సిస్టమ్‌కూ ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్యలకు మళ్లాయి. మినిమల్ ఇన్‌స్టలేషన్ చేసేవారికి అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది: ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ అంటే ఏమిటో కర్నెల్‌కు తెలియదు. దాన్ని వెతికిపెట్టేది ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్, అంటే బూట్ సమయంలో మెమరీలోకి ఎక్కే చిన్న తాత్కాలిక ఫైల్‌సిస్టమ్. సైజు తగ్గించాలని దాన్ని తీసేసి, వరుసలో మాత్రం ‘రూట్=యూయూఐడీ’ అలాగే ఉంచితే కర్నెల్ ప్యానిక్ (కర్నెల్ ముందుకు వెళ్లలేక ఆగిపోవడం) తప్పదు. అక్కడ కర్నెల్ స్వయంగా చదవగల ‘పార్ట్‌యూయూఐడీ’ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) రాయాలి. రూట్ యూఎస్‌బీ మీద ఉంటే పక్కనే, అది మేల్కొనేదాకా ఆగమని చెప్పే ‘రూట్‌వెయిట్’ కూడా చేర్చాలి.