ఫ్లాష్ పోయినా ఆటలున్నాయి: పాత బ్రౌజర్ గేముల రివ్యూ గురించి అపోహలు - వాస్తవాలు

ఇండీ డెవలపర్లు, అంటే పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగా గేములు చేసేవాళ్లు, తొలినాళ్లలో చేసిన బ్రౌజర్ గేములు ఆడి రివ్యూలు రాయడం నా పని. అనంతపురంలో ఈ పని చేసేవాడు ఒకడున్నాడని తెలిసి జేఎన్‌టీయూ పిల్లలు, ఒకప్పుడు గేములు చేసి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు ఫోన్లు చేస్తుంటారు. ఆ గేముల్లో చాలావరకు అడోబీ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఫ్లాష్‌తో చేసినవి, బ్రౌజర్‌లో నడవాలంటే ఫ్లాష్ ప్లేయర్ ఉండాల్సి వచ్చేది. అందరిదీ ఒకటే మాట: "ఫ్లాష్ మూసేసినారు కదన్నా, ఇంక ఆ గేములెక్కడివి?" ఈ మాట నమ్మి ఎంతమంది తమ పనిని చేతులారా చెరిపేసుకున్నారో చూశాక ఊరుకోలేక ఇది రాస్తున్నా.

అపోహ: ఫ్లాష్‌తో పాటే గేములూ పోయాయి, ఫైళ్లు దాచుకుని లాభం లేదు.

వాస్తవం: పోయింది ప్లేయర్ మాత్రమే. అడోబీ 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్ ప్లేయర్‌కు సపోర్ట్ ఆపింది. 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయర్‌లో ఏదీ నడవకుండా చేసింది. మీ హార్డ్ డిస్క్‌లోని ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైల్ (ఆడుకోవడానికి సిద్ధంగా ఉండే గేము ఫైల్) జోలికి ఎవరూ రాలేదు. రఫుల్ అనే ఉచిత ఎమ్యులేటర్‌లో, అంటే ఫ్లాష్ ప్లేయర్ చేసే పనిని దాని బదులు చేసే ప్రోగ్రామ్‌లో, దాన్ని తెరిచి చూడండి. ఫ్లాష్ కోడింగ్ భాష అయిన యాక్షన్‌స్క్రిప్ట్ 1, 2 వెర్షన్లలో రాసినవి చాలావరకు నడుస్తాయి. 3లో రాసినవి కొన్ని మొరాయిస్తాయి, కానీ రఫుల్ మీద పని ఆగలేదు, ఈరోజు నడవనిది రేపు నడవొచ్చు. పాత వెబ్‌సైట్లు, ఫైళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబర్‌లోనే రఫుల్ పెట్టి ఫ్లాష్ గేములను బ్రౌజర్‌లో ఆడుకునే వీలు కల్పించింది. ఫ్లాష్‌పాయింట్ అనే ప్రాజెక్టు 2018 నుంచి వెబ్ గేములను పోగుచేసి భద్రపరుస్తోంది. కొన్ని గేములు ఫలానా సైట్‌లోనే తెరుచుకునేలా సైట్‌లాక్ వేసి ఉంటాయి. అలాంటివాటిని ఆ సైట్‌లోనే ఉన్నామని నమ్మించి నడిపించే ఏర్పాటు కూడా ఫ్లాష్‌పాయింట్‌లో ఉంది.

సప్తగిరి సర్కిల్ దగ్గర టీ తాగుతూ ఒక తమ్ముడు చెప్పింది ఇప్పటికీ మనసులోంచి పోదు. కాలేజీ రోజుల్లో రాత్రుళ్లు మేలుకుని గేములు చేశాడు. ఫ్లాష్ మూసేస్తున్నారన్న వార్త చూసి, సిస్టమ్‌లో చోటెందుకు దండగని ఫోల్డర్ మొత్తం తీసేశాడట. చెబుతుంటే గొంతు పూడుకుపోయింది. చివరికి వాళ్ల అక్క పాత పెన్‌డ్రైవ్‌లో ఒక్క గేము దొరికింది. రఫుల్‌లో పెడితే మొదటి లెవెల్ తెరుచుకుంది. మిగతావి ఇంక రావు. ఆ గేములో దూకే తీరు చూశాక, పోయినవాటిలో ఏముండేదో అని నాకే దిగులేసింది.

తొలి గేములకు విలువుండదని అనుకునేవాళ్లు గేమ్ డెవలపర్ ఎడ్మండ్ మెక్‌మిలన్ సంగతి చూడాలి. ఆయన 2008లో ఫ్లాష్‌లో చేసిన 'మీట్ బాయ్' నుంచే 2010లో 'సూపర్ మీట్ బాయ్' వచ్చింది. ఆయన అంతటితో పాతవాటిని వదిలేయలేదు. 2012లో తన పాత ఫ్లాష్ గేములను 'ది బేస్‌మెంట్ కలెక్షన్' పేరుతో ఒకచోట చేర్చి మళ్లీ విడుదల చేశాడు. టెర్రీ కావనా అనే ఇంకో డెవలపర్ 2010లో 'వీవీవీవీవీవీ'ని మొదట ఫ్లాష్‌లోనే చేశాడు, మరుసటి ఏడాది అది సీ ప్లస్ ప్లస్ అనే కోడింగ్ భాషలోకి మారింది. ఫైళ్లు ఉంటేనే ఇవన్నీ కుదిరేది.

అందుకే ఎస్‌డబ్ల్యూఎఫ్ ఒక్కటే కాదు, ఎఫ్‌ఎల్‌ఏ (గేము తయారుచేసిన అసలు ఫైల్) కూడా దాచండి. మార్పులు చేయాలంటే కావలసింది అదే. అది పోయుంటే మాత్రం టెన్షన్ పడొద్దు, డీకంపైలర్ అనే, తయారైన ఫైల్‌ను విడదీసే ప్రోగ్రామ్‌తో ఎస్‌డబ్ల్యూఎఫ్ నుంచి బొమ్మలు, శబ్దాలు, కోడ్ చాలావరకు బయటికి తీయొచ్చు.

అపోహ: ఎక్కడో 'కొత్త ఫ్లాష్ ప్లేయర్' దొరుకుతుంది, అది వేసుకుంటే సరిపోతుంది.

వాస్తవం: వేసుకోకండి. ఫ్లాష్ అప్‌డేట్ పేరుతో వైరస్‌లు ఎక్కించడం ఫ్లాష్ బతికున్న రోజుల నుంచీ ఉన్న మోసమే. వాట్సాప్‌లో ఈ లింకులు పంపేవాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా వినరు.

అపోహ: నడిచినట్టు నడిచింది కదా, కనిపించినదాని మీదే రివ్యూ రాసేయొచ్చు.

వాస్తవం: ఇక్కడ కొత్త రివ్యూయర్లు డెవలపర్‌కు అన్యాయం చేస్తున్నారు. ఫ్లాష్ గేముల్లో చాలావాటి వేగం ఫ్రేమ్ రేటుతో, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు మారతాయన్నదానితో ముడిపడి ఉంటుంది. ఎమ్యులేటర్ తడబడితే పాత్ర నత్తలా నడుస్తుంది. అక్షరాలు పక్కకు జరగొచ్చు, స్కోర్‌బోర్డ్ సర్వర్ ఎప్పుడో మూతపడి ఉండొచ్చు. వాటిని గేము తప్పులుగా రాయకూడదు. అనుమానం వస్తే అదే ఫైల్‌ను ఫ్లాష్‌పాయింట్‌లోనూ ఆడి చూస్తాను. రెండుచోట్లా అదే తేడా కనిపిస్తేనే డెవలపర్ ఖాతాలో వేస్తాను.

చిన్న గేము కాబట్టి ఐదు నిమిషాలు ఆడితే చాలంటారు, చాలదు. కోడింగ్ రానివాళ్లు రివ్యూ రాయకూడదంటారు, రాయొచ్చు. స్టార్లు ఇవ్వకపోతే రివ్యూ కాదంటారు, నేను ఇవ్వను. ఆ డెవలపర్ తర్వాత పెద్దవాడయ్యాడు కాబట్టి తొలి గేములోనూ అంతా గొప్పే అని రాసేవాళ్లున్నారు, అది భజన.

తమ గేము పంపడానికి జంకే పిల్లలతో ఒక మాట. మీ మొదటి గేములో తప్పులుంటాయని నాకు తెలుసు, వాటిని వెతకడానికి నేను కూర్చోను. నాకు కావలసింది ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైల్, చేసిన సంవత్సరం, ఏ బటన్ ఏం చేస్తుందో రెండు ముక్కలు. గేము ఇంకో ఫైల్‌ను లోడ్ చేసుకునేదైతే అది కూడా అదే ఫోల్డర్‌లో పెట్టి జిప్ చేసి పంపండి. పంపాక మీ దగ్గర ఉన్న కాపీని తీసేయకండి.